మే నెలలో నీళ్లెక్కడున్నాయి?

కృష్ణా డెల్టాలో నేల గురించి మాట్లాడేటప్పుడు అందరూ చరిత్రకారులే. కైకలూరు టీకొట్టు దగ్గర నిలబడితే "ఒకప్పుడు ఇదంతా వరేనండీ" అంటారు. గన్నవరం వైపు వెళితే "మామిడి తోటలన్నీ వెంచర్లయిపోయాయి" అంటారు. కోడూరులో "సముద్రం ముందుకొచ్చేసింది" అంటారు. ఈ మాటలన్నిట్లో నిజం ఉంది. ఎంత నిజం, ఎప్పట్నుంచి నిజం అన్నది మాత్రం చెప్పేవాళ్ల వయసును బట్టి, వాళ్లకు ఏం పోయింది, ఏం కలిసొచ్చింది అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఈసారి అలాంటి మాట విన్నప్పుడు తలూపి ఊరుకోకుండా ఇంటికెళ్లి సరిచూసుకోండి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, డబ్బు అసలే అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, నాలుగు సాయంత్రాల తీరిక ఉంటే చాలు. ఫోనులోనూ కనబడుతుంది గానీ, గట్లు, కాలువలు పోల్చుకోవాలంటే పెద్ద తెర ఉండాల్సిందే.

1972 జూలై 23న అమెరికా మొదటి ల్యాండ్‌శాట్‌ను పైకి పంపింది. అప్పట్నుంచీ ఆ వరసలో ఉపగ్రహాలు నేలను బొమ్మ తీస్తూనే ఉన్నాయి. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తేనాటికే పైన ఈ ఏర్పాటు ఉంది. ఆ పాత బొమ్మలను చాలాకాలం డబ్బు కట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. 2008లో మొత్తం ఉచితం చేశారు. మన దేశం 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఎతో సొంత వరస మొదలుపెట్టింది. హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఆ బొమ్మలను చూసుకుంటుంది. అదే ఇస్రో 2009లో తెచ్చిన భువన్ పోర్టల్‌కూ ఇల్లు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 2015లో వచ్చింది. 2017లో దానికి జంట తోడయ్యాక ఐదు రోజులకోసారి మీ ఊరి మీదుగా ఉదయం పదిన్నర ప్రాంతంలో పోతోంది. మీరు మొదలుపెట్టాల్సింది దీంతోనే. కోపర్నికస్ బ్రౌజర్‌లో పేరు నమోదు చేసుకుంటే తేదీ ఎంచుకుని బొమ్మ తెరవొచ్చు, గీత గీసి ఎకరాలు కొలవొచ్చు. ఇంకా దగ్గరగా చూడాలంటే గూగుల్ ఎర్త్ ప్రో దించుకోండి. అందులో పాత తేదీలకు వెనక్కి జరిపే పట్టీ ఉంటుంది. కింద మూలన కనిపించే తేదీని చదవకుండా అక్కడ ఏ నిర్ణయానికీ రావద్దు. పక్కపక్కన కనిపించే రెండు ముక్కలు వేరువేరు నెలలవి కావచ్చు.

కొలతలు సెంట్లలో గుర్తుపెట్టుకుంటే మేలు. సెంటినెల్ బొమ్మలో ఒక గడి, అంటే పిక్సెల్, పది మీటర్ల చదరం. దాదాపు రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై గడులు. 1984 తర్వాతి ల్యాండ్‌శాట్‌లో గడి ముప్పై మీటర్లు, అంటే ఇరవై రెండు సెంట్లు. 1970ల నాటి బొమ్మల్లో ఒక్క గడే ఎకరంన్నర పైన. అందుకని పాత బొమ్మలు కొల్లేరు గురించి, కొండపల్లి అడవి గురించి చెప్పగలవు గానీ మీ తాతగారి అరెకరం గురించి చెప్పలేవు. గట్టు మీద గడి సగం మీ చేను, సగం పక్కవాళ్ల చేను. గట్టు తగాదాలకు ఉపగ్రహాన్ని సాక్ష్యానికి పిలవొద్దు. నా వరకు నేను ఎకరంలోపు మార్పు మీద నోరు విప్పను. ఇంకో చిన్న మాట. 2003 మే నెలాఖరు తర్వాత ల్యాండ్‌శాట్-7 తీసిన బొమ్మల్లో నల్లటి చారలుంటాయి. అందులో ఒక పరికరం పాడైంది. అవి కాలువలు కావు.

ముందు ప్రశ్న రాసుకోండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. బొమ్మ తెరుస్తారు, అటూ ఇటూ తిప్పుతారు, ఒకచోట గోధుమ రంగు కనబడుతుంది, "చూశారా, పచ్చదనం ఎలా పోయిందో" అని వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. మనకు ముందే ఉన్న అభిప్రాయానికి బొమ్మ వెతుక్కోవడం చాలా తేలిక. ఏ అభిప్రాయానికైనా దొరుకుతుంది.

బొమ్మ తెరవకముందే కాగితం మీద ప్రశ్న రాయండి. "మా ఊళ్లో పచ్చదనం తగ్గిందా?" అన్నది ప్రశ్న కాదు, నిట్టూర్పు. "మా ఊరి మురుగు కాలువకూ బంటుమిల్లి రోడ్డుకూ మధ్య ఉన్న మాగాణిలో 2017 నుంచి ఇప్పటిదాకా ఎన్నెకరాలు చెరువులయ్యాయి?" అన్నది ప్రశ్న. అందులో చోటు ఉంది, కాలం ఉంది, వెతకాల్సిన వస్తువుంది. దాని కిందే మీ ఊహ కూడా రాయండి. యాభై ఎకరాలు అనుకుంటున్నారా, ఐదొందలా? రాసి సంతకం పెట్టండి. తర్వాత వచ్చిన లెక్కకూ మీ ఊహకూ ఎంత దూరముందో చూసుకుంటే మీ ఊరు మీకెంత తెలుసో కూడా తెలుస్తుంది.

ఇక పచ్చదనాన్ని కొలిచే పద్ధతి. ఆకు ఎర్ర కాంతిని మింగేస్తుంది, దాంతోనే వండుకుంటుంది. కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం తిప్పికొడుతుంది. ఆకు ఎంత ఆరోగ్యంగా, ఎంత దట్టంగా ఉంటే అంత గట్టిగా తిప్పికొడుతుంది. మన దేశంలో ఈ విద్యకు నాంది పలికిన పి.ఆర్. పిషారటి 1970 ప్రాంతంలో కేరళ కొబ్బరితోటల మీద హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో ఫొటోలు తీయించి, తెగులు పట్టిన చెట్లను పోల్చి చూపించారు. ఉపగ్రహమూ చేసేది ఆ పనే. పరారుణంలోంచి ఎరుపు తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్‌డీవీఐ సూచీ అంటారు. నీటి మీద అది సున్నా కిందికి పోతుంది. దున్నిన నేల మీద 0.1, 0.2 మధ్య ఉంటుంది. పొట్ట మీదున్న వరి మీద 0.7 దాటుతుంది. బ్రౌజర్‌లో మీట నొక్కితే ఇదంతా రంగులుగా వస్తుంది. "ఫాల్స్ కలర్" అన్న మీట నొక్కితే పంట ఎర్రగా కనిపిస్తుంది. కంగారు పడొద్దు, అక్కడ ఎరుపంటేనే పచ్చదనం.

ఈ అంకెను ఒక్క రోజుకు చూస్తే పెద్దగా ఏమీ తెలియదు. ఏడాది పొడుగునా చూడాలి. డెల్టా వరి మాగాణి మీద చిన్న చతురస్రం గీసి, సంవత్సరం గ్రాఫ్ అడగండి. జూన్‌లో నేల బోసిగా ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లొదిలి దమ్ము చేశాక అంకె ఇంకా కిందికి పడుతుంది, ఎందుకంటే అప్పుడు కనిపించేది నీరే. నాట్లు పడ్డాక నెల తిరిగేసరికి పైకి లేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో శిఖరం. నవంబరులో చేను పండి పసుపెక్కే కొద్దీ దిగుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు "పంట దెబ్బతింది" అనుకుంటారు. దెబ్బతినలేదు, కోతకొచ్చింది.

కోతకు రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుము చల్లే అలవాటు మనది. కాబట్టి డిసెంబరులో కింద పడిన గ్రాఫ్ జనవరిలో మళ్లీ లేచి ఫిబ్రవరిలో రెండో గుట్ట కడుతుంది. తెనాలి వైపైతే అదే చోట మొక్కజొన్న, జొన్న. అక్కడ రెండో గుట్ట ఎత్తుగా, ఇంకాస్త వెడల్పుగా ఉంటుంది. దాళ్వా వరి పడితే రెండో గుట్టకు ముందు మళ్లీ నీటి గుంట కనబడుతుంది. నాలుగైదేళ్ల గ్రాఫులు ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు తోడి ముందుగా కాలువలకిచ్చిన ఏడాది మొదటి గుట్ట ఎడమవైపుకు జరుగుతుంది. కృష్ణలో నీళ్లు చాలని 2023 లాంటి ఏడాదిలో చివరి భూముల గుట్ట కుడివైపుకు జరిగి, పొట్టిదవుతుంది. కొన్నిచోట్ల రెండో గుట్టే లేదు. ఇది చదవడం వ్యవసాయం చేసినవాళ్లకు రెండు నిమిషాల పని. కంప్యూటర్ కోర్సు చేసిన కుర్రవాడికి ఎవరో పక్కన కూర్చుని చెప్పాలి. ఈ విద్యలో మీ నాన్నగారికి మీకన్నా ఎక్కువ మార్కులొస్తాయి. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి.

చేపల చెరువా, వరి చేనా

డెల్టాలో నేల మారిన కథలో సగం చెరువుల కథే. వరి చేను తవ్వి చెరువు చేయడం ఒక సీజన్ పని. చెరువును మళ్లీ వరి చేను చేయడం ఏళ్ల పని, ఉప్పునీటి రొయ్యల చెరువైతే మరీను. కాబట్టి ఈ లెక్క తప్పకూడదు. తప్పడానికి మాత్రం చాలా వీలుంది.

ఆగస్టు బొమ్మ తీసుకుని నీళ్లున్న చోటల్లా చెరువని లెక్కేస్తే, ఆ నెలలో నాట్లు పడుతున్న మాగాణంతా చెరువుల ఖాతాలో పడుతుంది. డిసెంబరు బొమ్మ తీసుకుంటే తుపాను నీళ్లు నిలిచి ఉండొచ్చు. మే నెల బొమ్మ అడగండి. అప్పటికి కాలువలు కట్టేసి ఉంటారు. తాగునీటి చెరువులు నింపడానికి మధ్యలో కొన్నాళ్లు వదిలినా అది పొలాలకు పారేది కాదు. మినుము కోసేశారు. దాళ్వా కూడా ముగిసింది. ఆకాశంలో మబ్బు తక్కువ. ఆ ఎండల్లో కూడా నీళ్లున్న చోటంటే ఎవరో పూనుకుని నిలిపిన నీళ్లు. ఎన్‌డీడబ్ల్యూఐ అన్న మీట ఉంటుంది. ఆకుపచ్చ కాంతికీ పరారుణానికీ తేడా చూసి నీటిని విడదీస్తుంది. మే నెలలో దాన్ని నొక్కితే కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి చుట్టుపక్కల నీలం పలకలు బారులు తీరి కనిపిస్తాయి. 2017 మే బొమ్మ పక్కన ఈ ఏటి మే బొమ్మ పెట్టి, కొత్తగా వచ్చిన పలకల చుట్టూ గీతలు గీసి కొలవండి.

ఇక్కడా ఒక మెలిక ఉంది. బొచ్చె, శీలావతి పెంచే చెరువుల్లో ఏడాదంతా నీళ్లుంటాయి. వనామీ రొయ్యల చెరువును పంటకూ పంటకూ మధ్య ఎండబెడతారు. సరిగ్గా మీరు చూసిన రోజున అది ఎండి ఉంటే, బొమ్మలో గోధుమరంగు పలకే కనిపిస్తుంది. ఒక్క మే సరిపోదు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో నాలుగైదు తేదీలు చూసి, వాటిలో ఏ ఒక్కసారి నీళ్లున్నా అనుమానించి, ఆకారం చూడండి. చెరువు గట్టు వరి గట్టుకన్నా చాలా వెడల్పు. లారీ తిరిగే గట్టు పది మీటర్ల గడిలో కూడా తెల్లగీతలా తేలుతుంది.

కొల్లేరును చదవాలంటే ఈ మెలకువ ఇంకా కావాలి. బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడే ఆ సరస్సు నీళ్లు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతాయి. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2001 నాటి ఐఆర్ఎస్-1డి బొమ్మను కంప్యూటర్ మీద విడదీసి చూసి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సు ప్రాంతంలో దాదాపు 42 శాతం చేపల చెరువులే ఆక్రమించాయని 2004లో ప్రచురించింది. అప్పటిదాకా ఆక్రమణల గురించి అందరికీ తెలుసు. సరస్సు మొత్తానికి ఒకే రోజున, ఒకే కొలతతో లెక్క ఎదురుగా పెట్టడం వేరు. తర్వాత 2005-06లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. ఆ ముందూ వెనకా బొమ్మలు ఇప్పుడు మీకు ఉచితంగా దొరుకుతాయి. గట్లు పోయిన చోట్లు ఏవి, మళ్లీ లేచిన చోట్లు ఏవి అన్నది ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా మీరే చూడొచ్చు.

అయితే కొల్లేరులో పచ్చగా కనిపించిందల్లా నేల కాదు. గుర్రపుడెక్క నీటిని కప్పేస్తే ఎన్‌డీవీఐ దాన్ని మంచి పంటలా చూపిస్తుంది. కిక్కిస కూడా అంతే. "సరస్సు ఎండిపోయి పొలాలయ్యాయి" అని రాసేముందు ఆ పచ్చదనానికి గట్లున్నాయా, గీతలు తిన్నగా ఉన్నాయా, వరికి ఉండాల్సిన రెండు గుట్టల గ్రాఫ్ ఉందా చూడండి. కలుపు మొక్కకు కాలువ విడుదల తేదీతో పనిలేదు. దాని గ్రాఫ్ వేరే దారిలో నడుస్తుంది.

పచ్చగా ఉన్నదంతా పంట కాదు

దీనికి అమరావతిని మించిన పాఠం లేదు. కృష్ణ ఒడ్డున ఉండవల్లి, పెనుమాక, వెంకటపాలెం పొలాల్లో అరటి, కూరగాయలు, పూలతోటలుండేవి. 2015లో భూసమీకరణ కింద 29 గ్రామాల పరిధిలో 30 వేల ఎకరాలకు పైగా రాజధానికి వెళ్లింది. ఆ ఏడాది అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. ఇచ్చిన పొలాల్లో సాగు ఆగింది. 2019 తర్వాత నిర్మాణమూ ఆగింది. ఇప్పుడు ల్యాండ్‌శాట్‌లో 2014 అక్టోబరు బొమ్మనూ 2022 అక్టోబరు బొమ్మనూ ఎన్‌డీవీఐలో పక్కపక్కన పెట్టండి. రెండూ పచ్చగానే ఉంటాయి. "ఏమీ మారలేదే" అనిపిస్తుంది. మారింది. అరటి పోయి ముళ్లకంప వచ్చింది. 2024లో మళ్లీ పనులు మొదలుపెట్టేముందు ప్రభుత్వం ఆ కంప కొట్టించడానికే యంత్రాలు దింపాల్సి వచ్చింది. అప్పుడు మాత్రం అంకె పడిపోయింది. అంటే పొలం బీడైనప్పుడు సూచీ మిన్నకుంది, బీడును శుభ్రం చేసినప్పుడు కేకపెట్టింది.

తేడా పట్టుకునే మార్గం ఉంది. పంటకు కోత ఉంటుంది. గ్రాఫ్ లేస్తుంది, దబ్బున పడుతుంది. కంపకు కోత లేదు. ఏడాదంతా ఒక మోస్తరు ఎత్తులో అలా సాగుతుంది. నూజివీడు, ఆగిరిపల్లి మామిడి తోటల గ్రాఫ్ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది, కాకపోతే దగ్గరగా చూస్తే చెట్ల వరసలు తెలుస్తాయి. అందుకే గ్రాఫునూ దగ్గరి బొమ్మనూ కలిపి చూడాలి. మామిడి తోట వెంచరయ్యే తీరు మాత్రం చాలా తేలిగ్గా దొరుకుతుంది. ముందు పచ్చదనం పోతుంది, నెలల్లోనే తెల్లటి రోడ్లు గళ్లుగళ్లుగా వస్తాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇళ్లు రావు. మూడో సంవత్సరానికి గళ్ల మధ్య గడ్డి మొలిచి, మళ్లీ పచ్చబడుతుంది. ఈ ఆఖరి పచ్చదనాన్ని చూసి తోట బతికిందనుకోవద్దు.

కొండపల్లి అడవిది మరో పాఠం. బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు ఆ కొండల మీద పెరుగుతుంది, కాబట్టి ఆ అడవి ఎంత మిగిలిందన్నది కొండపల్లి కళాకారులకు కూటి ప్రశ్న. అది ఆకు రాల్చే పొడి అడవి. అక్టోబరులో ముదురు పచ్చగా, ఏప్రిల్‌లో ఎండుపుల్లల్లా ఉంటుంది. ఒక ఏటి అక్టోబరునూ మరో ఏటి ఏప్రిల్‌నూ పక్కన పెట్టి "అడవి నాశనం" అని ఎవరైనా రాయొచ్చు. నిజంగానే తవ్వకాలు జరిగిన చోట్లు ఆ గోలలో కలిసిపోతాయి. ఏ నెలను ఆ నెలతోనే పోల్చాలి. అడవి విషయంలో వానలు వెనుదిరిగాక, ఆకు ఇంకా రాలకముందు, నవంబరు మంచిది. అప్పుడు కూడా బోడిగా కనిపించిన చోటు ఉందంటే అది నిలదీయాల్సిన చోటు.

తీరం గురించి రెండే మాటలు. నాగాయలంక, హంసలదీవి దగ్గర మడ అడవుల అంచునూ సముద్రపు అంచునూ ఒక్క బొమ్మతో కొలవకండి. ఒడ్డు అంత చదునుగా ఉన్నచోట పోటుకూ ఆటుకూ మధ్య నీటి అంచు చాలా దూరం జరుగుతుంది. ఒక ఏడాదిలో దొరికిన మబ్బులేని బొమ్మలన్నీ చూసి, నీరు ఎప్పుడూ చేరని గీతను పట్టుకోండి.

మబ్బు పట్టిన రోజు

ఇప్పటిదాకా చెప్పింది ఆకాశం తేటగా ఉన్న రోజుల మాట. మనకు బొమ్మ అత్యవసరమయ్యే రోజులన్నీ మబ్బు రోజులే. అప్పుడు రాడార్ ఉపగ్రహాలను అడగాలి. యూరప్ వాళ్ల సెంటినెల్-1, 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఈఓఎస్-04 ఆ కోవకు చెందినవి. అవి తమ తరంగాన్ని తామే పంపి, తిరిగొచ్చినదాన్ని వింటాయి. మబ్బు, చీకటి అడ్డు కావు. నిలిచిన నీరు ఆ తరంగాన్ని పక్కకు జారవిడుస్తుంది, కాబట్టి బొమ్మలో నల్లగా ఉంటుంది. దమ్ము చేసిన చేను నల్లగా, పైరు ఎదిగిన కొద్దీ తెల్లగా. మబ్బుల జూలైలో నాట్లు ఎక్కడిదాకా పడ్డాయో దీంతోనే తెలుసుకుంటారు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన చేలు పడిపోయాయి, కోసిన పనలు నీళ్లలో నానాయి. ఆ నష్టాన్ని ఎన్‌డీవీఐ ముందూ వెనకా తేడాతో లెక్కగట్టబోతే ఏమీ దొరకదు. పండిన చేను అప్పటికే పచ్చదనం కోల్పోయి ఉంటుంది, ఇక తగ్గడానికి ఏముంది? నీళ్లు ఎన్ని రోజులు నిలిచాయన్నది రాడార్‌తో చూడాలి. పన తడిసి మొలకెత్తిందా లేదా అన్నది ఏ ఉపగ్రహమూ చూడలేదు. పంటల బీమాలో వరి దిగుబడి అంచనాకు ఇప్పుడు ఉపగ్రహ లెక్కలు కూడా కలుపుతున్నారు కాబట్టి రైతులకు ఈ తేడా తెలిసి ఉండటం అవసరం. "బొమ్మలో నష్టం లేదు" అని ఎవరైనా అంటే, ఏ తేదీ బొమ్మ, ఏ సూచీ అని అడగండి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ అజిత్‌సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. అదే సమయానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు సృష్టించింది. అప్పటి రాడార్ బొమ్మలు తీస్తే పొలాల్లో నీరు నల్లగా, స్పష్టంగా ఉంటుంది. కాలనీల్లో మాత్రం అంత నల్లగా ఉండదు. మునిగినచోట ఇళ్లుంటే తరంగం నీటి మీద పడి, గోడకు తగిలి, తిరిగి ఉపగ్రహానికే చేరుతుంది. బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. మొదటి అంతస్తుదాకా నీళ్లున్న వీధి పొడిగా ఉన్నట్టు కనబడొచ్చు. నగరం ముంపును బొమ్మతోనే తేల్చేసే నివేదిక ఏదైనా మీ చేతికొస్తే, ఈ ఒక్క ప్రశ్న వేయండి: ఇళ్ల మధ్య నీటిని ఎలా గుర్తించారు?

తయారుగా దొరికే పటాల సంగతీ చెప్పాలి. యూరప్ అంతరిక్ష సంస్థ వరల్డ్‌కవర్ పేరుతో 2020కి ఒకటి, 2021కి ఒకటి ప్రపంచ భూవినియోగ పటాలు చేసింది. గూగుల్ డైనమిక్ వరల్డ్ అని ఇంకొకటి నడుపుతోంది. అడవి, పంట, నీరు, ఊరు అని రంగులు వేసి ఇస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, మొదటి అవగాహనకు పనికొస్తాయి. కానీ వరల్డ్‌కవర్ రెండేళ్ల పటాలను రెండు వేరు పద్ధతుల్లో తయారుచేశారు. ఒకదాన్నుంచి ఒకటి తీసేసి "ఏడాదిలో ఇంత మారింది" అంటే, మారింది పద్ధతి కావచ్చు. డైనమిక్ వరల్డ్‌కు మన నాట్ల నెల అర్థం కాదు. అదే చేనును ఒక తేదీన నీరంటుంది, మరో తేదీన పంటంటుంది. మీరు స్వయంగా గీసిన పది గీతల మీద నాకు ఈ పటాలకన్నా నమ్మకం ఎక్కువ.

ఆ నమ్మకం కూడా గట్టు మీదికి వెళ్లాకే. మీరు చెరువులని గుర్తించిన చోట్లలో ఇరవై, కావని తేల్చిన చోట్లలో ఇరవై ఎంచుకోండి. ఎంపిక మీ చేతిలో పెట్టుకోకండి. చీటీలు వేసి తీయండి. లేకపోతే అందరూ తారురోడ్డు పక్కన ఉన్నవే చూసొస్తారు, బురదలో రెండు కిలోమీటర్లు నడవాల్సినవి మిగిలిపోతాయి. తప్పులన్నీ అక్కడే ఉంటాయి. ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకుని వెళ్లి, చూసి, ఫొటో తీసి, పక్కన పనిచేసుకునేవాళ్లను అడగండి. వెళ్లీ వెళ్లగానే ఫోను చూపించి "ఇది మీ చెరువేనా?" అనకండి. అధికారి అనుకుని ఎవరూ నోరు విప్పరు. "బాబాయ్, పోయినేడు ఈ చేలో మినుము పడిందా?" అనండి. "ఎక్కడ పడిందిరా, కోత ఆలస్యమై పదును పోయింది" అని మొదలుపెట్టి ఆయన మీకు మూడేళ్ల గ్రాఫూ నోటితో చెప్పేస్తాడు. ఆయన చెప్పిన ఏడాదీ మీ తెర మీద రెండో గుట్ట మాయమైన ఏడాదీ ఒకటేనా అన్నది రాత్రి ఇంటికొచ్చి చూసుకోవచ్చు. నలభైలో ఎన్ని తప్పాయో రాసుకోండి. పది తప్పితే మీ లెక్కను ఎవరికీ చూపించకండి, గీతలు మళ్లీ గీయండి. రెండు మూడే తప్పితే ఆ సంగతి కూడా లెక్క పక్కనే చెప్పండి.

బొమ్మలో సర్వే నంబర్లు ఉండవు. యజమాని ఎవరో, కౌలుకు చేస్తున్నదెవరో, చెరువుకు అనుమతి ఉందో లేదో అది చెప్పదు. పటం తీసుకెళ్లి గ్రామ సభలో ఒక మనిషి వైపు వేలు చూపించడం ఈ పనికి ఉపయోగం కాదు. మురుగు కాలువ పూడికను లెక్కతో సహా నీటి వినియోగదారుల సంఘం ముందు పెట్టడం, చెరువుల మధ్య చిక్కుకుపోయి నీరు దిగని వరి చేలు ఎన్నున్నాయో చూపించడం, చివరి భూములకు నాట్లు ఏటా ఎన్ని వారాలు ఆలస్యమవుతున్నాయో తేదీలతో ఇంజనీరుకివ్వడం ఉపయోగం. అర్జీలో "చాలా ఏళ్లుగా నీళ్లు రావడం లేదు" అన్న వాక్యానికీ, ఐదేళ్ల తేదీల పట్టికకూ వచ్చే జవాబులు ఒకేలా ఉండవు.

మీరు పంపే ప్రతి బొమ్మ మీదా, పంపకముందే, నాలుగు విషయాలు రాయండి: ఏ ఉపగ్రహం, ఏ తేదీ, ఏ సూచీ, ఏ ఊరి ఏ వైపు. పక్కన పెట్టి పోలుస్తున్న బొమ్మ మీద కూడా. ఎర్రటి ఫాల్స్ కలర్ బొమ్మ అయితే "ఎరుపు అంటే పంట" అని పెద్దక్షరాలతో రాయండి. రాయకపోతే మూడో గ్రూపుకు చేరేసరికి అది ఏదో ఊళ్లో అగ్నిప్రమాదమైపోతుంది.